చుట్ట వాసన పట్టడం: కాలం తీసేసేవి, కాలం తీయలేనివి

మా తాతయ్య పొగాకు మండె (పులియడానికి పేర్చిన ఆకు గుట్ట) తిప్పే రోజున పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. "కళ్లు మండుతాయిరా, అవతలికి పోండి" అని కేకలేసేవారు. రాజమండ్రికి ఎగువన, సీతానగరం వైపు గోదావరి లంకలో ఉండేది మా పొలం. వరద తీశాక మిగిలిన ఒండ్రులో లంక పొగాకు వేసేవాళ్లం. కోసిన ఆకును తోరణాలు కట్టి ఆరబెట్టి, తెల్లవారుజాము మంచుకు మెత్తబడ్డాక మండె వేసేవారు. మండె లోపల ఆకు తనంతట తానే వేడెక్కుతుంది. తాతయ్య మోచేతి దాకా చెయ్యి దూర్చి ఆ వేడి చూసేవారు. ఎక్కువైందనిపిస్తే మండె విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ వచ్చేలా మళ్లీ పేర్పించేవారు. విప్పగానే గప్పున ముక్కుకు తగిలే ఆ ఘాటు అమోనియాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి నేను చిలకలూరిపేటలో ఒక ఎగుమతి కంపెనీలో ఆకు గ్రేడింగ్ పనిలో చేరాను. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని. ఆకును తడిమి, వెలుతురులో చూసి, వాసన పట్టి గ్రేడు చెప్పాలి.

ఇప్పుడు నా దగ్గర నూట యాభై దాకా సిగార్లు ఉన్నాయి. చాలావరకు దుబాయ్‌లో ఉండే మా మేనల్లుడు తెచ్చినవే. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ పడ్డాక నేను తాగడం పూర్తిగా మానేశాను. ఏళ్ల తరబడి దాచినంత మాత్రాన చుట్టలో హాని తగ్గదు. ఘాటు తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. మా మేనమామ నోటి క్యాన్సర్‌తో పోయారు. తాగని వాళ్లను మొదలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కానీ ముక్కు మాత్రం ఇంకా పని చేస్తోంది. చుట్టను ముక్కుతో చదవడం నాకు ఈ రోజుకీ ఇష్టమైన పని. మా బావమరిది వెలిగించి రుచి చెబుతాడు, నేను అరుగు ఆ చివర కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

సిగార్లు దాచే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "బాబాయ్, పెట్టె తెరిస్తే ఏదో వింత వాసన వస్తోంది. పాడైపోయిందా, లేక కొన్నాళ్లు దాచితే పోతుందా?" ఈ రెండింటికీ తేడా తెలిస్తే చాలు, మిగతాదంతా ఓపిక. ఆకులోంచే పుట్టిన వాసనను కాలం మారుస్తుంది. బయటి నుంచి ఆకుకు అంటుకున్న వాసనను కాలం దాదాపు ఏమీ చేయలేదు. కింద రాసినదంతా ఈ తేడాను పట్టుకోవడం ఎలా అన్నదే.

ముందు ముక్కును సిద్ధం చేసుకోండి

వాసన పొద్దున్నే పట్టాలి, కాఫీ కూడా తాగకముందు. చేతులు వాసన లేని నీళ్లతో కడుక్కోవాలి. సబ్బు వాసన వేళ్లకు అంటుకుని ఉంటే ప్రతి చుట్టా సబ్బులాగే అనిపిస్తుంది. వంటింట్లో పోపు వేసే వేళ అసలు వద్దు. దేవుడి గదిలో అగరుబత్తీ వెలుగుతుంటే అది ఆరి అరగంట అయ్యాక మొదలు పెట్టండి.

నాలుగు చోట్ల వాసన చూడాలి, వరుస మార్చకూడదు. మొదట పెట్టె మూత తీసిన క్షణం. ఆ మొదటి గాలి మళ్లీ దొరకదు కాబట్టి మూత తీసేటప్పటికే ముఖం దగ్గర పెట్టుకుని ఉండాలి. తర్వాత ఒక చుట్ట తీసి పై ఆకు మీద ముక్కు ఆనించి, నెమ్మదిగా ఒక కొస నుంచి ఇంకో కొసకు. ఆ తర్వాత వెలిగించే కొస, అంటే లోపలి ఆకులు కనిపించే చోటు. అక్కడ వచ్చే వాసన పై ఆకు వాసనకు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. చివరగా, కొస కత్తిరించాక, వెలిగించకుండానే నోట పెట్టుకుని గాలి పీల్చాలి. నాలుక మీద తెలిసేది కూడా సగం వాసనే. మూడు నాలుగు చుట్టలు చూశాక ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు మీ మోచేతి మడతలో మీ సొంత చర్మం వాసన రెండుసార్లు పీల్చండి. గ్రేడింగ్ షెడ్డులో మా పెద్ద మేస్త్రి నాకు మొదటి వారంలోనే నేర్పిన పద్ధతి ఇది.

నోట్‌బుక్‌లో మీ ఇంటి మాటలే రాయండి. పెట్టె మీద ఎవరో రాసిన మాటలు చూసి 'లెదర్, కోకో' అని రాసుకుంటే ఆరు నెలల తర్వాత అవి మీకే అర్థం కావు. నా పుస్తకంలో 'ఎండిన గడ్డివాము', 'కొత్త చెప్పుల పెట్టె', 'బెల్లం పాకం మాడబోయే ముందు', 'తడి గోనెసంచి', 'బోషాణంలో పాత పట్టుచీర' అని ఉంటాయి. ఈ మాటలు చదవగానే ఆ రోజు ఆ చుట్ట నా చేతిలోకి వచ్చినట్టే ఉంటుంది.

కాలం తీసేసే వాసనలు

అన్నిటికంటే ముందు అమోనియా. కొత్తగా చుట్టిన సిగార్ నుంచి పశువుల సాలలో మూత్రం వాసనలాగా, ముక్కు లోపల గుచ్చినట్టు వస్తుంది. భయపడాల్సింది లేదు. ఆకు పులిసేటప్పుడు అందులోని మాంసకృత్తులూ నత్రజని ఉన్న మిగతా పదార్థాలూ విరిగి కొంత అమోనియాగా బయటికి పోతాయి. క్యూబాలో ఆకును పిలోన్ అనే గుట్టలుగా పేర్చి పులియబెడతారు. మా మండె, వాళ్ల పిలోన్ ఒకే సూత్రం మీద నడుస్తాయి. చుట్టేటప్పుడు ఆకును మళ్లీ తడుపుతారు కాబట్టి మిగిలిన పులియడం చుట్టలోనూ కొంత సాగుతుంది. అందుకే కొత్త పెట్టెలో ఆ ఘాటు.

మా మేనల్లుడు మొదటిసారి తెచ్చిన క్యూబా పెట్టెలో ఇదే జరిగింది. 25 చుట్టల పెట్టె. మూత తీయగానే మా ఆవిడ పక్క గదిలోంచి "ఏంటండీ ఆ వాసన, పిల్లి గానీ దూరిందా?" అంది. పెట్టె అడుగున చూస్తే అది చుట్టి నాలుగు నెలలే అయింది. (క్యూబా పెట్టెల అడుగున ఫ్యాక్టరీ కోడ్, నెల, సంవత్సరం ముద్ర వేస్తారు. నెల పేరు స్పానిష్‌లో మూడక్షరాలు, సంవత్సరం రెండంకెలు. 'ఎనే' జనవరి, 'అబ్ర్' ఏప్రిల్, 'ఆగో' ఆగస్టు, 'డిక్' డిసెంబరు. పెట్టె కొనగానే మొదట చూడాల్సింది ఈ ముద్రే.) నేను మూత పూర్తిగా మూయకుండా, మధ్యలో ఒక ఐస్‌క్రీం పుల్ల అడ్డం పెట్టి, ఆ పెట్టెను పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. పది రోజులకొకసారి డబ్బా మూత తీసి ఐదు నిమిషాలు గాలి మార్చాను. మూడో నెలకు ఘాటు సగం పోయింది. ఎనిమిదో నెలలో అమోనియా లేదు.

అయితే ఆ ఎనిమిదో నెలలో ఇంకేమీ కూడా లేదు. చప్పగా, వట్టి కాగితంలా ఉంది. నా పుస్తకంలో 'నిద్రపోతోంది' అని రాసి ఉంది. చుట్ట కొన్ని నెలలు ఇలా మూగబోయే దశను ఇంగ్లండులోని పాత సిగార్ వర్తకులు జబ్బు కాలం అనేవారు. అప్పట్లో వాళ్ల సలహా ఏమిటంటే, చుట్టిన వెంటనే పచ్చిగా తాగు, లేదా ఏడాది ఆగు, మధ్యలో ముట్టుకోకు. నాకు అది సరైన మాటే అనిపిస్తుంది. మధ్యలో తీసి చూసి పాడైందనుకుని ఎవరికో ఇచ్చేసిన వాళ్లను చూశాను, చాలా బాధేసింది. రెండో ఏడాది దాటాక అదే పెట్టెలో మొదటిసారి తీపి వచ్చింది. నేను రాసుకున్నది 'నానబెట్టిన ఎండుద్రాక్ష, కొంచెం మిరియం'. నాలుగో ఏటికి మిరియం వెనక్కి తగ్గి కొత్త తోలు వాసన ముందుకొచ్చింది.

ఇక పేడ వాసన. దీన్ని చూసి చాలామంది చుట్టలు పారేస్తారు. పశువుల కొట్టం, ఎండు పిడకలు, గడ్డి కలిసిన వాసన ఇది. అమోనియాలా గుచ్చదు, గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. ఇది బాగా పులిసిన ఆకు గుర్తు. లంకల్లో పుట్టిన వాళ్లకు ఇది అమ్మమ్మగారి ఇంటి వెనక దొడ్డి వాసన. దీన్ని పోగొట్టాలని చూడకండి. రెండు మూడేళ్లలో అది తనంతట తానే గడ్డివాము వాసనగా, తర్వాత తేనె కలిసిన గడ్డిగా పలచబడుతుంది. నన్నడిగితే చుట్టకు మంచి వయసు అదే.

పచ్చి గడ్డి కోసినట్టు వాసన వస్తే ఒక్క క్షణం ఆగండి. పై ఆకు లేత ఆకుపచ్చగా ఉంటే అది కాండేలా రకం. పచ్చదనం పోకుండా ఆకును వేడితో త్వరగా ఆరబెట్టి చేస్తారు, ఆ వాసన దాని స్వభావం. గోధుమరంగు చుట్ట నుంచి పచ్చి వాసన వస్తే మాత్రం ఆకు సరిగా ఆరలేదని అర్థం. ఇలాంటిది కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా బాగుపడటం నేను చూడలేదు.

పొగ వాసనదీ ఇదే కథ. కట్టెల పొగ, కాల్చిన మాంసం వాసన గట్టిగా వస్తే అందులో నిప్పు మీద ఆరబెట్టిన కెంటకీ ఆకు కలిసి ఉండొచ్చు. లూసియానాలో సెయింట్ జేమ్స్ పారిష్ అనే చోట పెరీక్ ఆకును విస్కీ పీపాల్లో అదిమి పులియబెడతారు. అది ఎక్కువగా పైపు పొగాకులోకే పోతుంది, సిగార్‌లో తగిలితే ఉడికించిన పండ్ల వాసన, కొంచెం పులుపు. నల్లటి మడూరో ఆకు నుంచి బెల్లం, ఖర్జూరం వాసన వస్తుంది. వాటిని ఎక్కువ వేడిలో ఎక్కువ కాలం పులియబెడతారు. కొహీబా అనే క్యూబా సిగార్‌కు సెకో (మొక్క నడుమ ఆకు), లిగెరో (పైభాగపు ఆకు) ఆకులను మూడోసారి పీపాల్లో పులియబెడతారు. ఇవన్నీ చేసేవాళ్లు కావాలని తెచ్చిన వాసనలు.

కాలం తీయలేని వాసనలు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. రిటైరైన కొత్తలో పన్నెండు చుట్టలను ఒక స్టీలు డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే చోటు కదా అని బీరువా అడుగు అరలో పెట్టాను. పై అరలో పట్టుచీరలు, వాటి మధ్య కలరా ఉండలు. డబ్బా మూత గట్టిదే అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత తీస్తే ప్రతి చుట్టా కలరా ఉండే. గాలికి పెట్టాను, దేవదారు ముక్కల మధ్య పెట్టాను, రెండేళ్లు ఆగాను. పై ఆకు మీద తగ్గింది, వెలిగించే కొస దగ్గర అలాగే ఉంది. పన్నెండూ పారేశాను. మండె విషయంలో అంత జాగ్రత్తపడే తాతయ్య మనవణ్ని అయ్యుండి ఆ పని చేసినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పొగాకు పక్కనున్న వాసనను స్పంజిలా పీల్చుకుంటుంది. కర్పూరం, అగరుబత్తీ, ఫినాయిల్, ఫ్రిజ్‌లో ఆవకాయ, కొత్త పెయింటు, ఏదైనా సరే. సుగంధం పట్టించిన సిగార్లు కూడా ఇందులోకే వస్తాయి. డ్రూ ఎస్టేట్ వాళ్ల యాసిడ్ రకం లాంటివి వాటికవి బాగానే ఉంటాయి, కానీ మామూలు చుట్టలతో ఒకే డబ్బాలో పెట్టారంటే నెలలోపే అన్నీ ఒకే వాసన. వాటికి వేరే డబ్బా ఉండాలి. పైగా వాటిని ఏళ్లు దాచడం వృథా. పట్టించిన సుగంధం కాలంతో మెరుగుపడదు.

తడి గోనెసంచి, ముక్కిన బియ్యం వాసన వస్తే అది బూజు. చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే కొందరు అది వయసు తెచ్చిన నూనె పూత అని మురుస్తారు. నేను దాన్ని బూజుగానే చూస్తాను. దూదిలా నిలబడినా, ఆకుపచ్చ, నీలం రంగు తగిలినా ఇక అనుమానమే లేదు. పై ఆకు మీద రెండు చుక్కలు మాత్రమే ఉండి లోపల వాసన శుభ్రంగా ఉంటే తుడిచి వేరుగా ఉంచి చూడొచ్చు. వెలిగించే కొసలో బూజు కనిపిస్తే పారేయండి.

ఒకసారి పూర్తిగా ఎండిపోయి మళ్లీ తేమ ఎక్కించిన చుట్ట తడి అట్టపెట్టె వాసన వేస్తుంది. తేమ తిరిగి వస్తుంది, వాసన నూనెలు తిరిగి రావు.

కొత్త చెక్క పెట్టె నుంచి ఘాటైన జిగురు వాసన రావడం మధ్య రకం. సిగార్ పెట్టెలకు వాడే చెక్కను స్పానిష్ దేవదారు అంటారు గానీ అది నిజమైన దేవదారు కాదు, మన వేప, మహాగని ఉండే కుటుంబంలోని చెట్టు. కొత్త చెక్కలో జిగురు బొట్లు కారితే ఆ పెట్టెను నెల రోజులు ఖాళీగా గాలికి ఉంచి, ఆ తర్వాత చుట్టలు పెట్టండి. ఒక మోతాదులో ఆ చెక్క వాసన చుట్టకు అందమే.

మన ఎండల్లో దాచడం

సిగార్ల గురించి చల్లటి దేశాల వాళ్లు చెప్పేవన్నీ తేమ చుట్టూ తిరుగుతాయి. మనకు అసలు శత్రువు వేడి. మే నెలలో రాజమండ్రిలో 44 డిగ్రీలు, కరెంటు పోతే ఇంటి లోపలే 36. అలాంటి వేడిలో చుట్ట ముదరదు, ఉడికిపోతుంది. ఇంకో ప్రమాదం పురుగు. 25 డిగ్రీలు దాటితే పొగాకు పెంకు పురుగు గుడ్లు ఇంకా త్వరగా పొదుగుతాయి. సూది గుచ్చినట్టు చిన్న గుండ్రటి రంధ్రం, కింద సన్నటి పొడి కనిపిస్తే అది పురుగే.

నాది ఖరీదైన ఏర్పాటేమీ కాదు. చేపల వాళ్లు వాడే రకం మందపాటి ఐస్ బాక్స్ కొత్తది కొని, వారం రోజులు ఎండలో తెరిచి ఉంచి ప్లాస్టిక్ వాసన పోగొట్టాను. అడుగున దేవదారు పలకలు, వాటి మీద పెట్టెలు, పక్కన తేమను 65 శాతం దగ్గర నిలిపే బోవెడా ప్యాకెట్లు నాలుగు. ఏసీ ఉన్న పడక గదిలో మంచం కింద ఉంటుంది. వేసవిలో రోజంతా ఏసీ వేయలేం కదా, అందుకని పగలు ఆ బాక్స్ తెరవను. రాత్రి గది చల్లబడ్డాకే తెరుస్తాను. మందపాటి గోడల వల్ల లోపల 23, 24 దగ్గర నిలుస్తుంది. 18 నుంచి 21 ఉంటే ఇంకా మంచిది. వానాకాలంలో బయటి గాలిలో తేమ 85 దాటుతుంది, అప్పుడు గాలి మార్చడం నెలకొకసారికి తగ్గిస్తాను. తేమ 70 దాటనివ్వకండి, మన వేడికి అది బూజుకు ఆహ్వానం.

తేమ చూపే మీటరును నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్‌లో గాలి చొరబడకుండా మూయాలి. రాత్రి పెట్టి పొద్దున చూడండి. 75 చూపాలి. 71 చూపిస్తే మీ మీటరు నాలుగు తక్కువ చెబుతోందని దాని వెనక కాగితం అంటించుకోండి.

పురుగు అనుమానం ఉంటే చుట్టలను రెండు జిప్ కవర్లలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు, ఫ్రీజర్‌లో ఐదు రోజులు, మళ్లీ కింది అరలో ఒక రోజు, ఆ తర్వాత గదిలో ఒక రోజు ఉంచి అప్పుడే కవర్ తెరవండి. ఒక్కసారిగా బయటికి తెస్తే పై ఆకు పగులుతుంది. కవర్లు రెండూ గట్టిగా మూయకపోతే ఆవకాయ సంగతి ముందే చెప్పాను. మన లంక చుట్టలు, అంటే ఇంగ్లిషు వాళ్లు లుంకా అని పిలిచినవి, బజారులో కట్టలుగా కొన్నప్పుడు నేను తప్పకుండా ఇలా చేసి, అప్పటికీ వేరే డబ్బాలోనే ఉంచుతాను. వాటి ఘాటు పక్కవాటిని బతకనివ్వదు.

ఏవి దాచాలి, ఎన్నేళ్లు

లేత రంగు పై ఆకుతో, మెత్తటి రుచితో ఉన్నవి రెండు మూడేళ్లకే వాసన వదిలేస్తాయి. ఐదేళ్లు దాచి తీస్తే పాత పుస్తకంలోని ఎండు ఆకులాగా ఉంటాయి. లిగెరో ఎక్కువున్న ముదురు చుట్టలు దాచడానికి తగినవి. లిగెరో మొక్క పైభాగంలో ఎండకు పెరిగిన మందపాటి ఆకు, అందులో తగ్గాల్సిన ఘాటూ మిగలాల్సిన నూనె రెండూ ఉంటాయి. చుట్టక ముందే దాన్ని రెండేళ్లకు తక్కువ కాకుండా ముదరబెడతారు. లావు చుట్ట సన్న చుట్ట కంటే నెమ్మదిగా మారుతుంది. ఒక్కొక్కటి విడిగా సెల్లోఫేన్‌లో ఉన్నది ఇంకా నెమ్మదిగా. ఆ సెల్లోఫేన్ పసుపు రంగులోకి తిరిగితే లోపలి నూనెలు చాలాకాలంగా బయటికి వస్తున్నాయని తెలుస్తుంది.

పెట్టె కొన్న రోజున ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి తీసి చూడండి. పాతిక చుట్టల పెట్టె అయితే ఇలా పదేళ్లు చూసినా ఇంకా సగం మిగులుతాయి. ప్రతిసారీ అదే కాలంలో తీయడం మంచిది. నేను సంక్రాంతి వారం పెట్టుకున్నాను. అప్పటికి గాలి పొడిగా, చల్లగా ఉంటుంది, ముక్కు బాగా పని చేస్తుంది, మేనల్లుడూ సెలవు మీద వస్తాడు.

ఆ మొదటి క్యూబా పెట్టెలో ఇంకా తొమ్మిది ఉన్నాయి. పోయిన సంక్రాంతికి తీసిన దాని ఎదురుగా నా పుస్తకంలో ఇలా ఉంది: 'పై ఆకు: బోషాణం చెక్క. కొస: తేనె, కొంచెం గడ్డి. వెలిగించకుండా పీలిస్తే నాలుక చివర చాలా సన్నగా మల్లెపూవు. బావమరిది మల్లె లేదన్నాడు. వచ్చే ఏడు మళ్లీ చూడాలి.'